మందు కూరే సందు

ఆగండి, ఒక్క నిమిషం ఆగి వినండి. నంద్యాలలో ఓ అద్దె ఇంటి వంటగదిలో, పొద్దున ఆరున్నరకి, సువార్త అనే పంతులమ్మ నానిన బొరుగుల్ని రెండు పిడికిళ్లతో పిండుతోంది. ఉగ్గాని ఈ పూట నలుగురికి కాదు, ఇరవై మందికి. గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటున్న మొగుడు ఎడ్విన్, నోట్లో నురగతోనే అడిగాడు.

"ఏమే, తుపాకి పేలినాక ఆ ఆడమనిషి యాడ ఉంటుంది?"

లోకంలో మొగుళ్లందరూ తువ్వాలు యాడ, బనీను యాడ అని అడుగుతారు. ఎడ్విన్ అవీ అడుగుతాడు, వాటితోపాటు ఇదీ అడుగుతాడు. సువార్త చేతులు కూడా తుడుచుకోకుండా ఉప్పు డబ్బాని గట్టు చివరికి జరిపింది. అది తలుపు. పసుపు డబ్బా తుపాకి వాడు. రెండు ఎర్రగడ్డలు గోడ చాటున దాక్కున్న హీరో, వాడి తమ్ముడు. ఓ పచ్చిమిరపకాయ తీసి వాళ్ల వెనక పెట్టింది.

"ఈడ ఉంటుంది. వాడిది నాటు తుపాకి, ఒగసారి కాలిస్తే మళ్ల మందు కూరుకోవాల. వాడు కూరేటప్పుడు ఈమె లేచి, పసిబిడ్డను చంకనేసుకొని, ఈ తలుపు తట్టు నడిచిపోతాది. మగోళ్లిద్దరూ ఇంగా నేల కరుచుకొనే ఉంటారు. వాళ్లకు పేలిన చప్పుడే వినపడింది. ఈమెకు చప్పుడు లేకపోవడం గూడా వినపడింది."

ఎడ్విన్ గట్టుని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. "సరే. బజ్జీల్లో వాము మరువద్దు" అని వెళ్లి నోరు పుక్కిలించాడు.

అసలు సంగతేమంటే, ఎడ్విన్ పెళ్లిళ్లకు వీడియోలు తీసే మనిషి. పోయినేడు హైదరాబాదు నుంచి వచ్చిన సురేష్ అనే కుర్ర డైరెక్టరు ఓటీటీకి ఓ చిన్న సినిమా తీస్తున్నానంటే, సీన్లు నేను రాస్తానని ఒప్పుకున్నాడు. రాశాడు కూడా. మొదట రాసిన తుపాకుల సీన్లో పద్నాలుగు మంది, మూడు సుమోలు, ఆపకుండా నాలుగు పేజీల కాల్పులు. సువార్త కూతురు సిరి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ అది చదివి నవ్వాపుకోలేకపోయింది. "దీంట్లో ఎవరు యాడ నిలబడినారో నాకే తెలీలేదు సిరి నాయనా, ఇంగ చూసేవాళ్లకు ఏం తెలుస్తాది? ఎవరు యాడ ఉండారో తెలియకుంటే ఎన్ని గుండ్లు పేలినా టపాకాయలే. పేలినందుకు కాదు భయం, పేలబోతాండాదే అని భయం." ఎడ్విన్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కాగితాలు తెచ్చి ఆమె ముందు పడేసి, "అంత తెలిస్తే నువ్వు రాయి" అన్నాడు.

రాసింది. బళ్లో పిల్లల పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపుకొని, కుక్కరు మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య రాసింది. అత్త శాంతమ్మ వరండాలోంచి కేకేసేది: "వాడు లోపల సినిమా రాస్తాండాడు, గిన్నెల సద్దు చెయ్యద్దు!" లోపల వాడు మంచం మీద బోర్లా పడుకొని రీల్స్ చూస్తుండేవాడు. సువార్త కుళాయిని సన్నటి ధారగా తిప్పి, గిన్నె గిన్నెకీ తగలకుండా తోముతూ, తుపాకి వాడు ఏ మెట్టు దిగితే ఏ చప్పుడు అవుతుందో ఆలోచించేది. చప్పుళ్ల సంగతి ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎడ్విన్ బండి స్టాండు వేసే తీరును బట్టి ఆ రోజు ఇంట్లో ఎట్లా ఉండబోతుందో పదేళ్లుగా ఆమెకు తెలుసు. అత్త దగ్గు రెండు రకాలు, ఒకటి నిజంగా దగ్గు, రెండోది "ఫోన్లో ఎవరితో మాట్లాడతాండావ్" అని. ఎడ్విన్ కోపం కూడా నాటు తుపాకే, ఒకసారి పేలితే మళ్లీ కూరుకోవడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల్లో ఆమె దుప్పట్లు ఉతికేది, మినప్పప్పు నానబెట్టేది. ఆ సందులో లేచి ఎక్కడికైనా పోవచ్చన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. ఎక్కడికి పోతుంది, చెప్పండి?

ఆ సందు గురించి ఆమెకు చెప్పింది మాత్రం వాళ్లమ్మ బాలమ్మ. మిడుతూరు దగ్గర పల్లెలో, సువార్తకి మూడేళ్లప్పుడు, కాలవ నీళ్ల దగ్గర ఇద్దరు అన్నదమ్ములకి మాట పెరిగి ఒకడు మిద్దె ఎక్కి తుపాకి పేల్చాడు. వాడి గురి తమ్ముడి మీదే గాని, గుండుకు ఎవరు తమ్ముడో ఏం తెలుసు? వీధిలోని మగవాళ్లంతా గోడల కింద దూరారు. బాలమ్మ జొన్నల గాదె వెనక ఉంది, చంకలో సువార్త. వాడు మందు పోసుకోవాలి, గుడ్డ పీలిక కూరాలి, సీసపు గుండ్లు వెయ్యాలి, కడ్డీతో దంచాలి. కడ్డీ దంచే చప్పుడు వినపడగానే బాలమ్మ లేచింది. పరిగెత్తలేదు, పరిగెత్తితే బిడ్డ ఏడుస్తుందని. నడిచింది. వీధి దాటి చర్చి వెనక్కి చేరేసరికి రెండోది పేలింది, గాదెకి చిల్లు పడింది. ఈ కథ బాలమ్మ ఎవరికీ గొప్పగా చెప్పలేదు, చేటలో బియ్యం చెరుగుతూ ఓసారి చెప్పింది, అంతే. "అందరూ పేలినప్పుడు భయపడతారు పాపా. భయపడు, తప్పు లేదు. వాడు కూరేటప్పుడు మాత్రం గమ్మున లేయాల." పోయినేడు బాలమ్మ చనిపోయింది. ఆధార్ కార్డు ఫొటో తప్ప ఆమెది ఇంకో ఫొటో లేదు.

అందుకే కాగితాలు ఇచ్చేటప్పుడు సువార్త ఒక్క మాట అడిగింది. "పేరు మీదే పెట్టుకోండి. ఆ ఆడమనిషిని మాత్రం ముట్టుకోవద్దు. ఆమె నడిచి బయటికి పోవాల."

"సరే లే, నేనేమన్నా రాక్షసుణ్నా?" అన్నాడు ఎడ్విన్.

షూటింగు ఆళ్లగడ్డలో, శిల్పాలు చెక్కే ఓ షెడ్డులో. ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. డైరెక్టరు అడిగే ప్రశ్నలకి ఎడ్విన్ దగ్గర జవాబులు లేవు, కాబట్టి టిఫిన్ తెచ్చిందన్న వంకతో పెళ్లాన్ని వెంటపెట్టుకొని పోయాడు. సగం చెక్కిన దేవతలు, తల లేని ఏనుగులు, కాలు పెడితే తెల్లటి పొడి. సువార్తని ఓ మూల, నీళ్ల క్యాను పక్కన కూర్చోబెట్టారు. డైరెక్టరు "బ్రదర్, హీరో ఇక్కడెందుకు దాక్కోవాలి?" అనగానే ఎడ్విన్ నీళ్లు తాగడానికి వచ్చేవాడు. సువార్త గ్లాసు ఇస్తూ గొణిగేది: "ఆడి నుంచి తుపాకి వాడి కాళ్లు కనపడతాయి, చేతులు కనపడవు. కూరుతాండాడో కాలుస్తాండాడో హీరోకి తెలీదు, మనకు తెలుస్తాది." ఎడ్విన్ వెళ్లి అదే పలికేవాడు. పదిసార్లు అయ్యాక డైరెక్టరే అన్నాడు, "ఏంటి బ్రదర్, షుగరా? ట్యాంకు ఖాళీ చేస్తున్నారు!" యూనిట్టంతా నవ్వింది. ఎడ్విన్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఫైట్ మాస్టరు ఎలీషా అరవై ఏళ్ల మనిషి, రెండు మోకాళ్లకీ పట్టీలు. ఇది చిన్న సినిమా, తుపాకిలోంచి పొగా లేదు నిప్పూ లేదు, అవన్నీ తర్వాత కంప్యూటర్లో పెడతారట. ఇప్పటికి ఎలీషా రెండు చెక్క పలకల్ని ఠప్పున కొడితే అది గుండు. ఆయన కాగితాలు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశాడు.

"ఎవరప్పా రాసింది? నలభై ఏండ్లు తుపాకులాటలు ఆడించినా, ఇట్లాంటిది చూళ్లేదు. ఇది తుపాకి పట్టుకున్నోడు రాసింది గాదు. దాక్కున్నోళ్లు రాసింది."

సువార్త నీళ్ల క్యాను మూత బిగిస్తూ తల వంచుకుంది.

"నేనే అన్నా" అన్నాడు ఎడ్విన్.

మధ్యాహ్నానికి తుపాకి వాడి షాట్లు, హీరో షాట్లు అయిపోయాయి. బాగా వచ్చాయి. కడ్డీ దంచుతున్నప్పుడు షెడ్డులో ఎవ్వరూ ఊపిరి తీయలేదు. ఆమె నడిచే షాటు ఒక్కటే మిగిలింది. డైరెక్టరు ఉగ్గాని ప్లేటు పట్టుకొని మానిటర్ చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు: "బ్రదర్, ఈమె ఊరికే నడిచి వెళ్లిపోతే కిక్కేముంది? సగం దూరంలో పడిపోవాలి. అప్పుడు హీరోకి మండాలి. మిద్దె మీద ఇంకొకణ్ని పెడదాం, వాడు కాలుస్తాడు."

"ఇంకొకడు ఉంటే ఈ మందు కూరేదానికి అర్థమేముంది సార్?" అన్నాడు ఎలీషా.

"ఎమోషన్ అన్నా, ఎమోషన్."

ఎడ్విన్ నీళ్లకి వచ్చాడు. సువార్త గ్లాసు ఇవ్వలేదు. "మీరు మాట ఇచ్చినారు. ఆ ఒక్కటీ మార్చద్దని చెప్పండి."

"చెప్తా, చెప్తా లే" అని వెళ్లాడు. వెళ్లి, "సూపర్ సార్! నేనూ అదే అనుకుంటాండా" అన్నాడు. ఇరవై అడుగుల దూరం, స్పష్టంగా వినపడింది.

జీవితంలో మొదటిసారి సువార్త పదిమంది మగవాళ్ల మధ్యలోకి నడిచింది. "సార్, ఆమె పడదు" అంది. గొంతు తనకే చిన్నగా వినపడింది. డైరెక్టరు మర్యాదగానే తిరిగాడు. "ఏంటక్కా?" నోరు తెరిచేలోపు ఎడ్విన్ అందుకున్నాడు: "మా ఆమెకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి సార్, ఇంట్లో కోడి కోయాలన్నా నేనే!" మళ్లీ నవ్వులు. "భయపడకక్కా, రంగునీళ్లే. ఉగ్గాని మాత్రం అదిరింది" అన్నాడు డైరెక్టరు. ఆమె మళ్లీ క్యాను పక్కకి వచ్చి కూర్చుంది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంత పెద్ద షెడ్డులో ఇంతమందికి తన మాట వినపడింది, కానీ ఎవరికీ చేరలేదు, అదెట్లా సాధ్యమని ఆశ్చర్యంగా మాత్రం ఉంది.

అంతలో ఇంకోటి జరిగింది. ఆ వేషం వేసే అమ్మాయి రిహార్సల్లో రాతి పెచ్చు మీద కాలేసింది. మడమ చీరుకుపోయింది, ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎండ దిగిపోతోంది, షెడ్డు సాయంత్రం దాకే ఇచ్చారు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. "మొహం అక్కర్లేదు, వీపు చాలు. అదే ఎత్తున్న మనిషి ఎవరన్నా..."

"మా ఆమె ఉంది కదా సార్!" అన్నాడు ఎడ్విన్.

ఆమెని అడగలేదు. పక్కకి తీసుకుపోయి మెల్లగా అన్నాడు, ప్రేమగానే అన్నాడు: "నా కోసం సువార్తా. రేపు హైదరాబాదుకు పిలుస్తానన్నాడు. ఎంతసేపు, నడవాల, పడాల. నీకేమన్నా డైలాగులు ఉండాయా?"

చీర కట్టారు. జాకెట్టు లోపల, వీపు మీద, ఎర్రనీళ్ల బెలూను. దానికి గాలం దారం, దారం కొస ఎలీషా చేతిలో. గుడ్డతో చేసిన పసిబిడ్డని చంకలో పెట్టారు. పదకొండు అడుగులేస్తే తలుపు, ఏడో అడుగు దగ్గర సుద్దముక్కతో గీత, అక్కడ పడాలి. పలకలు మోగాయి. కడ్డీ దంచే చప్పుడు మొదలైంది. ఎవరూ చెప్పకముందే సువార్త లేచింది, నడిచింది, రెండోసారి పలకలు మోగాయి, పడింది.

చక్కగా పడింది. పదేళ్లుగా పడమన్న చోట పడుతున్న మనిషి కదా. కానీ బెలూను ఆలస్యంగా పగిలింది, ఆమె నేల మీద పడ్డాక నీళ్లు కారాయి. "సారీ అక్కా, వన్ మోర్! జాకెట్టు ఇంకోటే ఉంది, ఇదే లాస్టు!" అని అరిచాడు డైరెక్టరు.

రెండో బెలూను కడుతూ ఎలీషా చెవి దగ్గర అడిగాడు. "కడ్డీ చప్పుడుకే లేచినావు తల్లీ. నీకెవరు చెప్పినారు?"

"మా అమ్మ" అంది సువార్త.

ముసలాయన ముడి బిగించి, "నా చేతిలో ఏముందమ్మా, దారం. లాగమన్నప్పుడు లాగేదే" అన్నాడు.

మానిటర్ పక్కన నిలబడి ఎడ్విన్ అరచేతిని కిందికి ఆడిస్తున్నాడు, పడు, పడు అని. ముఖంలో ఎంత ఆశ! వెలుతురు ఇంకో ఐదు నిమిషాలుంటే గొప్ప. యాక్షన్ అన్నారు. పలకలు మోగాయి. తుపాకి వాడు మందు పోశాడు, పీలిక కూరాడు, కడ్డీ తీశాడు. సువార్త లేచింది. ఒకటి, రెండు, మూడు. పడితే సినిమా అయిపోతుంది, ఎడ్విన్ హైదరాబాదు పోతాడు, ఇంట్లో కొన్నాళ్లు బండి స్టాండు మెత్తగా పడుతుంది. నాలుగు, ఐదు. కానీ ఎవరు ఎప్పుడు ఫోనులో ఈ సినిమా నొక్కినా, బాలమ్మ బిడ్డతో సహా వీధి మధ్యలో పడిపోతూనే ఉంటుంది, ఎన్ని వందల సార్లైనా. పడకపోతే ఇంకో జాకెట్టు లేదు, ఇంకో రోజు లేదు, మొగుడి కలా లేదు, ఇంటికి పోయాక ఏం జరుగుతుందో ఆమెకు బాగా తెలుసు. పైగా నడిచి బయటికి పోయినా ఈ షాటు వాళ్లు వాడరు, ఆ సంగతీ తెలుసు. ఆరు. ఎదురుగా తలుపు తెరిచే ఉంది, బయట ఆళ్లగడ్డ బస్టాండు వైపు పోయే ఆటో ఒకటి ఆగి ఉంది. కాలు గాల్లో ఉంది, కింద సుద్దగీత.

చెప్పండి, ఆ ఏడో అడుగు మీదైతే మీరేం చేస్తారు?