పాడకూడని పెట్టె

మా బావమరిది రవిచంద్ర ఆగిరిపల్లి తోటను కౌలుకిచ్చేసి, మామిడికాయలు ప్యాక్ చేసే షెడ్డులో స్పీకరు పెట్టెలు చేయించడం మొదలుపెట్టాడు. రసాలు వదిలి రాగాల్లో పడ్డాడని ఇంటిల్లిపాదీ నవ్వాం. ఓ ఇంగ్లండు కంపెనీ ఎప్పుడో ఆపేసిన స్పీకరు మోడల్‌ని మళ్లీ అచ్చం అలాగే తెస్తోంది. లోపలి సరుకు ఎక్కడెక్కడిదో, పెట్టె మాత్రం మనది. వెనక బిగించే ఇత్తడి రేకు మీద దేశం పేరుతోపాటు నూజివీడు పేరూ ఉండాలని వాడు పట్టుబట్టి ఒప్పించుకున్నాడు. శాంపిల్ జత పాసైతే షెడ్డుకి ఏడాది పని. ఫెయిలైతే వాడికి ఈ ఏడాది పెట్టెలూ ఉండవు, పండ్లూ ఉండవు.

పెట్టెలు చేసింది చిన్నరాయప్ప. నూజివీడులో పనసచెక్కతో వీణలు తొలిచి తొలిచి జుట్టు నెరిసిన మనిషి.

తనిఖీకి ఆ కంపెనీ తరఫున బెంగళూరు నుంచి యోగిత అనే ఇంజనీరు వచ్చింది. తను తెచ్చిన పాత ఇంగ్లండు జత పక్కన కొత్త జత పెట్టించి, ఎవరూ మాట్లాడొద్దంది. నన్ను మాట్లాడొద్దనడమంటే కుక్కర్ని కూత వెయ్యొద్దనడమే. రవిచంద్ర మొహం చూసి ఆవిరి మింగాను.

స్పీకర్లోంచి సన్నటి మోత ఒకటి కింది స్థాయి నుంచి మెల్లగా పైకెక్కసాగింది. పాత జత ఏ తేడా లేకుండా దాటింది. కొత్తదాంట్లో ఎడమదీ దాటింది. కుడిదాంట్లో మోత సగం ఎక్కేసరికి పెట్టె గొంతు కలిపింది. మోత ఆపేశాక కూడా చెక్క ఇంకాసేపు మూలిగింది.

యోగిత వేలి కణుపుతో తట్టింది. ఖంగుమంది.

"ఇది వాయిద్యమండీ, స్పీకరు కాదు. పాటలో లేనిది పెట్టె పాడకూడదు. లోపల అదురు ఆపే తారుషీట్లు వెయ్యలేదా?"

చిన్నరాయప్ప దాచలేదు. "ఎడమదానికి వేశానండి. వేశాక కొట్టి చూస్తే శవాన్ని తట్టినట్టుంది. రెండోదానికి చెయ్యి రాలేదు."

భోంచేసి వచ్చి మళ్లీ పరీక్ష పెడతాననీ, అప్పుడూ పాడితే ఆర్డరు ఇంకో ఊరికి పోతుందనీ చెప్పి యోగిత ఇంట్లోకి వెళ్లింది. వడ్డన సాగదీయమని మా అత్తగారు బుజ్జమ్మ గారికి కబురు పెట్టాను. ఆవిడ మామూలుగా వడ్డించినా సాగుతుంది, ఆవకాయ దగ్గరైతే మరీనూ.

షెడ్డులో చిన్నరాయప్ప కదల్లేదు.

"రాయప్పగారూ, నా తోట మీ చేతిలో ఉంది," అన్నాడు రవిచంద్ర. వాడే పెట్టె వెనకచెక్క విప్పి, ఓ నల్లషీటు తీసుకుని లోపలికి వంగాడు. తొందరలో షీటు మడతపడింది.

"వదలండి రవిబాబూ. వంకరగా అంటిస్తారు."

చిన్నరాయప్ప షీటుని వేడిచేసి పెట్టె లోపలి ఒక గోడకి అదిమాడు. తట్టాడు. ఖంగు కాస్త పొట్టిదైంది. రెండో గోడ. ఇంకా పొట్టి. బయట చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు. చివరి గోడ అదిమి, వెనకచెక్క బిగించేసరికి యోగిత గుమ్మంలో ఉంది.

మోత మళ్లీ ఎక్కసాగింది. ఇందాకటి చోటు దగ్గరయ్యేకొద్దీ రవిచంద్ర నా మోచెయ్యి నొక్కేశాడు. ఆ చోటు వచ్చింది, దాటింది. పెట్టె పలకలేదు.

పాసైందని సంతకం చేసి, యోగిత ఇత్తడి రేకు బల్లమీద పెట్టింది. చిన్నరాయప్ప దాన్ని వేలితో పక్కకి జరిపాడు.

"ఊరిపేరు వద్దండీ. నూజివీడని చూస్తే వీణల ఊరు కదాని ఎవరో ఒకరు తట్టి చూస్తారు. ఏం పలుకుతుంది?"

కొనేవాళ్లు మొదట అడిగేది ఎక్కడ చేశారనేననీ, రేకు లేని పెట్టె తను పంపలేననీ యోగిత నెమ్మదిగా చెప్పింది.

చిన్నరాయప్ప స్క్రూడ్రైవరు అందుకుని రేకు తనే బిగించాడు. అలవాటు కొద్దీ తట్టాడు. ఠప్.

"సరేలెండి. మిగతావాటినీ నేనే చంపుతాను," అన్నాడు. "ఇంకొకళ్ల చేతికివ్వకండి."