జీతం లేని జవాబు

ఆవిడ కంప్యూటర్ వైపు చూసి నవ్వింది. కాగితాలు కోస్తున్న మొగుడికి ఆ నవ్వు ఒంటికి కారం రాసినట్టయింది.

"దేనికా నవ్వు?"

"పిచ్చుక జవాబిచ్చాడండీ. లేబుళ్ళ అంచులు తెగిపోవడం కాగితం సైజు తప్పు పెట్టడం వల్లనట. 'నేనూ ఇలాగే ఒక కట్ట తగలేశాను' అని రాశాడు."

వాళ్ళది సీసాల లేబుళ్ళు అచ్చేసే చిన్న షాపు. ఆవిడ కంప్యూటర్ మీద తయారుచేస్తుంది, అతను కోస్తాడు. పాత సిస్టంకు కాలం తీరిపోతే ఆవిడ తమ్ముడు వచ్చి, ఊరికే దొరికే లినక్స్ సిస్టం రకం ఒకటి ఎక్కించిపోయాడు. సరదా ఉన్నవాళ్ళు నలుగురూ చేరి చేసిందట. చిక్కొస్తే ఇంటర్నెట్‌లో అడగాలి. ఎవరికి తోస్తే వాళ్ళు చెబుతారు. ఆవిడ అడిగినప్పుడల్లా తోచేది ఆ పిచ్చుకకే. పేరు లేదు, మొహం లేదు, పిచ్చుక బొమ్మ ఒకటి.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను ఆవిడను అలా నవ్వించింది ఎంత వెతికినా అతనికి గుర్తు రాలేదు.

బావమరిదిని పిలిచాడు. "ఇది తీసెయ్. వెనకాల కంపెనీ ఉన్నది పెట్టు."

"ఉందిలే బావా, అదీ లినక్సే. కానీ కంపెనీని నమ్మితే ఎలా? ఇవాళ నెత్తిన పెట్టుకుంటుంది, రేపు గిట్టుబాటు కాదని దించేస్తుంది."

"జీతానికి చేసేవాణ్ణి నమ్మొచ్చు. ఊరికే చేసేవాడి మనసులో ఏదో ఉంటుంది."

"ఏముంటుంది?"

అతను కత్తికి నూనె రాసుకున్నాడు.

కొత్తది ఎక్కింది. ఆవిడ మొదటి సందేహం అడిగింది. జవాబు వచ్చింది. పక్కన పిచ్చుక బొమ్మ.

"వీడిక్కడికీ దాపురించాడా!"

బావమరిది పగలబడి నవ్వాడు. "అతను ఈ కంపెనీ ఉద్యోగే బావా. అక్కడ సరదాకి, ఇక్కడ జీతానికి."

జీతానికి. ఆ మాటతో కడుపులో మంట చల్లారింది. అయితే తన పెళ్ళానికే కాదు, అడిగినవాళ్ళందరికీ చెబుతాడన్నమాట. కూలికి వచ్చినవాడి మంచితనం కూలితో సరి. ఆ తర్వాత ఆవిడ నవ్వినా తల ఎత్తలేదు.

కొన్నాళ్ళకు కంపెనీ ఆ సిస్టం పని మానేసింది. గిట్టుబాటు కాలేదట. చేసేవాళ్ళందరినీ ఇంటికి పంపేసింది, పిచ్చుకతో సహా. "నేను చెప్పలేదా బావా?" అన్నాడు బావమరిది. బావకు ఓడిపోయినట్టు లేదు. పీడ విరగడయినట్టుంది.

అప్పుడే ప్రింటర్ మొండికేసింది. మందు సీసాల లేబుళ్ళు సాయంత్రానికి ఇవ్వాలి. ఆవిడ ఎప్పటిలా ఇంటర్నెట్‌లో ప్రశ్న రాసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను కాగితాల కట్టను అటు సర్ది ఇటు సర్ది తెర వైపే చూశాడు. బేరం పోతే పోయింది, వాడు మాత్రం పలక్కూడదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునేవాడిలా ఉన్నాడు.

పిచ్చుక వాలింది.

వాడు చెప్పినట్టే ఆవిడ చేసింది. ప్రింటర్ కదిలింది. ఆవిడ మొహం విప్పారింది.

"వాడికి జీతం పోయింది కదా. ఇంకా ఎందుకు చెబుతున్నాడు?"

"నన్నడిగితే ఎలా? మీరే అడగండి."

అడిగాడు. ఒంటి వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుని. కాసేపటికి పిచ్చుక రాశాడు: "నా ఇంట్లోనూ ఇదే సిస్టం అండీ. మీ దగ్గర చెడింది రేపు నా దగ్గరా చెడుతుంది. పైగా మేడం గారు ఏం జరిగిందో చక్కగా విడమరిచి అడుగుతారు. చెప్పబుద్ధవుతుంది."

మొదటి ముక్క నమ్మేలాగే ఉంది. చివరి ముక్కను మాత్రం రెండుసార్లు చదివాడు.

అతను కత్తి దగ్గరికి పోలేదు. స్టూలు లాక్కొచ్చి ఆవిడ పక్కన వేసుకున్నాడు.

"ఇక మీదట ఏదైనా చెడితే ముందు నన్నడుగు."

"మీకు తెలుసా?"

"తెలీదు."

"మరి?"

"తెలీకపోయినా ముందు నన్నడుగు."

ఆవిడ నవ్వింది. అతను చప్పున తెర వైపు చూశాడు. కొత్త జవాబేమీ రాలేదు.