పసుపెక్కిన పొలం

రెండు వేల ఇరవై మూడు మార్చి పదమూడు, సోమవారం. ఆ మధ్యాహ్నం మేమంతా రాతి గట్టు చాటున, ట్రాలీకి ఆనుకుని నిలబడి పాస్టీలు, అదే లోపల కూరిక పెట్టి కాల్చే మా రొట్టెలు, తిన్నాం. ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే లవ్‌డే వాటిని పొద్దున్నే కాల్చి, దుప్పట్లో చుట్టి తెచ్చింది. మాకు గొడ్డుమాంసం, బంగాళాదుంప. పూలు కోయడానికి వచ్చిన కిర్గిజ్ పిల్లలకు మాత్రం, హలాల్ కాని మాంసం తినరని, విడిగా ఉల్లిపాయ, చీజ్. ఎవరూ అడక్కుండానే చేసింది.

వాళ్ళలో బెర్మెత్ అనే అమ్మాయి తన పాస్టీని పట్టుకోలేకపోయింది. వేళ్ళు మడత పడటం లేదు.

మా పొలాల్లో పండేది డాఫొడిల్, పసుపు పువ్వు. దాని కాడ తెంపితే జిగురు కారుతుంది. తడి చేతికి అంటితే చర్మం పొక్కి పగులుతుంది. ఆమె గ్లౌజులు చిరిగి వారమైంది. మా కళ్ళ ముందే లేచి, మేస్త్రీ బొసాంకో దగ్గరికి వెళ్ళి చేతులు చూపించింది. బొసాంకో ఈ కూలీలందరినీ తెచ్చి, పొలం యజమానికి ఒప్పజెప్పే కాంట్రాక్టరు.

"గ్లౌజులు కావాలా, మహారాణీ? అందరికంటే తక్కువ కోసేది నువ్వే. గురువారం ఉదయం వ్యానెక్కు. ఇంటికి పో."

"ఇంటికి వద్దు. అక్కడ కోస్తా" అంది బెర్మెత్, గట్టు అవతలి పొలం వైపు మోచెయ్యి చాపి. వచ్చీరాని ఇంగ్లీషు.

బొసాంకో నవ్వాడు. "నీ వీసా మీద ఉన్నది నా పేరు. గట్టు దాటావంటే పోలీసులు పట్టుకుంటారు."

మేం పాస్టీలు నమిలాం. ఊరివాళ్ళం పదిమందిమైనా ఉన్నాం అక్కడ. ట్రాక్టరు తోలే డెన్‌జిల్ తన బూట్లకేసి చూసుకున్నాడు. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. భార్య పోయాక, ఖాళీ ఇంట్లో ఉండలేక, సీజనులో పెట్టెలు సరిచూసే పనికి వస్తున్నాను. నేనూ నములుతూనే ఉన్నాను. చేతులు పగిలిన పిల్ల నిలబడి ఉంటే, నా నోట్లో ముద్ద వేడిగా, రుచిగా ఉంది. ఆ రుచి తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

జివ్కా మాత్రం ఊరుకోలేదు. బల్గేరియా మనిషి. మా దేశం యూరప్ కూటమి నుంచి ఇంకా విడిపోనప్పుడు వచ్చి, ఇక్కడే స్థిరపడింది.

"ఏయ్ బొసాంకో, మరిచిపోయావా? నేను పూల కట్టలకు వేసే నీ రబ్బరు బ్యాండ్లు నీ మొహానే కొట్టి, ఆ గట్టు దూకి అవతలి పొలంలో పనికి చేరాను. మర్నాడు నువ్వే కాఫీ పట్టుకుని బతిమాలడానికొచ్చావు."

"అది పాత కాలం."

"అవునయ్యా, పాత కాలమే. వీళ్ళే ఓటేసి తెంపేశారు దాన్ని" అని మా వైపు తిరిగింది. మాలో ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

మిత్రులారా, కూటమి నుంచి విడిపోవడమంటే రేవుల్లో లారీల బారులనీ, కస్టమ్స్ కాగితాలనీ మీరు చదివి ఉంటారు. మా ఊళ్ళో దాని అర్థం ఆ గట్టు. అంతకుముందు నచ్చకపోతే కూలీ గట్టు దాటేవాడు. కూలీ దాటగలడు కాబట్టే కాంట్రాక్టరు ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆరు నెలల వీసా, ఒక్క పేరు, ఒక్క పొలం. రాయి అదే, ఎత్తూ అదే. దాటే హక్కు పోయింది.

పరాయివాళ్ళు పోతే మనమే కోసుకుంటామని మా ఊరు గొప్పలు పోయింది. కోశాం కూడా. చుట్టుపక్కల పట్నాల నుంచి జనం పాటలు పాడుకుంటూ వచ్చారు. విప్పారిన పువ్వుల్ని ఏరి ఏరి కోశారు. అమ్ముడుపోయేది ఆకుపచ్చ మొగ్గ. పెన్సిల్‌లా బిగుసుకున్నదే దుకాణం దాకా బతుకుతుంది. పసుపు కనిపించిందా, అది చెత్త. పెట్టెలకు పెట్టెలు షెడ్డు వెనక పారబోశారు. వారం తిరిగేసరికి నడుములు పట్టుకుని ఒక్కొక్కరే మాయమయ్యారు. ఆ ఏడాది పొలాలన్నీ పసుపెక్కాయి. కార్లు ఆపి ఫొటోలు తీసుకునేవాళ్ళకు అందం. మాకు సిగ్గు. ఆ తరువాతే బొసాంకో కిర్గిజ్ కొండల దాకా పోయి ఈ పిల్లల్ని తెచ్చాడు.

ఆ సాయంత్రం ఊరి ప్రార్థనా మందిరం, చాపెల్ హాల్లో కూర్చున్నాం. షెడ్డు ఆడవాళ్ళు, ట్రాక్టర్లవాళ్ళు, వెనక బెంచీల్లో కిర్గిజ్ కూలీలు. వాళ్ళకూ తనకూ వచ్చిన రష్యన్‌లో జివ్కా మా మాటలు చెబుతోంది.

"మనకెందుకు ఈ గొడవ?" అన్నాడు డెన్‌జిల్. "నేను విడిపోదామని ఓటేసింది పైనున్న పెద్దమనుషుల పీడ వదలాలని. ఈ పిల్ల మీద కాదు."

"పెద్దమనుషులకు ఏమైందిరా? ఒక్కడి చెయ్యైనా పొక్కిందా?" అంది లవ్‌డే.

"నువ్వు వెయ్యలేదా మరి?"

"వేశాను. ఇదే హాల్లో, ఆ మూల పెట్టెలో. అయితే ఏం, నోరు కుట్టేసుకోవాలా?"

హాలంతా గోల. ఎవరో బల్ల చరిచారు. "మనకేమైనా మంచి కూలీ పడుతోందా? వీళ్ళు చవగ్గా దొరకబట్టే కదా!" అని ఒక ముసలాయన అరిచాడు.

జివ్కా లేచింది. "చవగ్గా దొరకలేదు తాతా. కట్టేసి తెచ్చారు. కట్టేసినదాన్ని చూపించి నిన్నూ బెదిరిస్తాడు. నీ కూలీ పెంచమని అడిగి చూడు, తెలుస్తుంది."

వెనక నుంచి బెర్మెత్ ఏదో అంది. నేను జివ్కా వైపు తిరిగాను.

"ఏమంటోందమ్మా?" అన్నాను.

"తన వల్ల మనం పోట్లాడుకుంటున్నామట. క్షమించమంటోంది."

గోల ఆగిపోయింది. డెన్‌జిల్ చెవులు ఎర్రబడ్డాయి.

"సమ్మె చెయ్యమనండి వాళ్ళని" అన్నాడు, నేలకేసి చూస్తూ.

"చేస్తే రేపే అందరికీ వ్యాను సిద్ధం చేస్తాడు" అన్నాను. "వాళ్ళు చెయ్యలేరు. మనం చెయ్యగలం."

లవ్‌డే నడుం మీద చేతులు వేసుకుంది. "అవునయ్యా! మనల్ని ఏ దేశానికి పంపిస్తాడు? పక్కనున్న రెడ్‌రూత్ ఊరికా?"

ఆ రోజు మొదటిసారి నవ్వాం. వెనక బెంచీలకు ఆ మాట రష్యన్‌లో చేరేసరికి ఆలస్యమైంది. వాళ్ళ నవ్వు మా నవ్వు అయిపోయాక మొదలైంది. చేతులెత్తమంటే ముందుగా లేచింది డెన్‌జిల్ చెయ్యే. కూలీలకు గ్లౌజులు, బెర్మెత్‌కు పని, గట్టు దాటడానికి ఒప్పుకోలు. ఈ మూడూ తేలేదాకా షెడ్డు తెరవం, ట్రాక్టరు కదలదు.

ఆ ఆదివారం అమ్మల పండుగ. దేశమంతా తల్లుల చేతుల్లో పెట్టే పువ్వులు ఆ వారమే దుకాణాలకు చేరాలి.

మంగళవారం కూలీలు ఎప్పట్లాగే కోశారు. నిండిన పెట్టెలు సాళ్ళ చివర్లలో ఉండిపోయాయి. ఎత్తేవాడు లేడు. బొసాంకో ట్రాక్టరు తనే ఎక్కి, బురదలో దిగబడ్డాడు. "తొయ్యండ్రా!" అని అరిస్తే, "మాకు గ్లౌజుల్లేవు" అన్నారు షెడ్డు ఆడవాళ్ళు, చేతులు వెనక్కి పెట్టుకుని.

బుధవారం ఎండ కాసింది. పెట్టెల్లోని మొగ్గలు పెట్టెల్లోనే విచ్చుకున్నాయి. పొలం ఈ చివర నుంచి ఆ చివరకు పసుపెక్కింది. దారిన పోయే కార్లు ఆగాయి. "ఎంత బావుందో!" అంది ఎవరో అమ్మాయి ఫోను ఎత్తి. "ఈసారి నిజంగానే బావుందమ్మా" అన్నాడు డెన్‌జిల్.

పొలం యజమాని పరుగున వచ్చింది. గ్లౌజులు మధ్యాహ్నానికే తెప్పిస్తానంది. మిగతా రెండూ బొసాంకో చేతిలో ఉన్నాయంది. బొసాంకో ఫోను తీసి, మా ముందే బెర్మెత్ వీసా రద్దు చెయ్యమని చెప్పాడు. "రేపు పొద్దున వీసా ఆఫీసు మనుషులొచ్చి పట్టుకుపోతారు. కోస్తారా, దాని వెనకే పోతారా?" అని కిర్గిజ్ కూలీల వైపు తిరిగాడు.

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు భయం వేసింది. మేం మొదలుపెట్టాం, మాకు పోయేదేం లేదు. పోయేదంతా వాళ్ళదే. అందరికంటే పొడుగ్గా ఉండే సదీర్ అనే కుర్రవాడు మెడలోంచి రబ్బరు బ్యాండ్ల దండ తీసి, మడత పెట్టి, బొసాంకో కాళ్ళ దగ్గర పెట్టాడు. విసరలేదు. తరువాత ఇంకొకడు. ఆ తరువాత అందరూ.

అవతలి పొలంలో వంగిన నడుములు లేచాయి. అక్కడివాళ్ళూ ఇలాగే వీసా మీద ఒక్క పేరుకు కట్టుబడి వచ్చినవాళ్ళే. చూసి చూసి గట్టెక్కారు. దిగారు. ఇటువైపు వచ్చి మా పక్కన నిలబడ్డారు.

చీకటి పడుతుండగా హాల్లో పరుపులు వేశాం. ఒకరు దుప్పట్లు తెచ్చారు, ఒకరు గంజంత చిక్కటి సూపు తెచ్చారు. బెర్మెత్ వేళ్ళకు ఒక ముసలమ్మ మందు రాసి, పాత గుడ్డ చుట్టి, ముడి గట్టిగా పడిందేమోనని మళ్ళీ వదులు చేసింది. ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. పొద్దున ఏమవుతుందో అందరికీ తెలుసు. సిగ్గు పోలేదు. అది మాతోనే ఆ హాల్లో కూర్చుంది.

రాత్రి పొద్దుపోయాక గడప దగ్గర బొసాంకో నిలబడ్డాడు.

"ఆ పిల్ల లోపలుందా?"

"ఉంది" అంది లవ్‌డే.

"ఇంకా ఎవరున్నారు?"

లవ్‌డే వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. గోడ పొడుగునా కూర్చున్న మనుషులు, ఊరివాళ్ళెవరో పరాయివాళ్ళెవరో ఆ మసకలో తెలియడం లేదు.

"మేమందరం ఉన్నాం నాయనా" అంది. పడుకున్నవాళ్ళు లేవకుండా, తలుపు నెమ్మదిగా మూసింది.