ఎడిటర్ గొంతు పోయిన పూట

కూతురు స్నానానికి వెళ్ళిన ఆ పది నిమిషాల్లోనే ఆరోగ్యమ్మ కొంప ముంచేసింది.

బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌లో నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చి ఆగింది. చివర ప్రశ్న గుర్తు, పక్కనే వై, ఎన్ అని రెండక్షరాలు. ఆరోగ్యమ్మ చదివింది ఏడో తరగతే అయినా వై అంటే అవుననీ, ఎన్ అంటే కాదనీ తెలుసు. నిరుడు నందిగామ సెంటర్లో ఏటీఎం ఇలాగే ఏదో అడిగితే, ఏం నొక్కితే ఏమవుతుందోనని చేతులు కట్టుకు నిలబడింది. మిషను కాస్తా కార్డు మింగేసింది. అప్పట్నుంచీ తెర ఏమడిగినా అవుననడమే క్షేమమని ఖాయం చేసుకుంది. ఇప్పుడూ అదే నొక్కింది.

రూబీ తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. పుట్టుకతోనే చూపు లేని పిల్ల. ప్రోగ్రాములు రాసే ఎడిటరు ఆమెకి అక్షరం అక్షరం చదివి వినిపిస్తుంది. ఆ గొంతు ఎడిటర్‌తో పాటు వచ్చింది కాదు. ప్యాకేజీలని చిన్న చిన్న ముక్కలు దొరుకుతాయట, అలాంటివి పద్నాలుగు తెచ్చి తగిలించుకుంది. అందులో ఒకటి ఈ గొంతు. పదిన్నరకి హైదరాబాద్ కంపెనీ వాళ్ళ ఆన్‌లైన్ పరీక్ష. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా వచ్చిన మొదటి పిలుపు. అప్పటికి టైము తొమ్మిదీ ఇరవై.

రూబీ ఒక మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. చెవి దగ్గరగా పెట్టింది.

"అమ్మా, ఇది మాట్లాడట్లేదు. ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారే? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేగా!" అనేసి, అన్నదేమిటో తెలిసొచ్చి ఆరోగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మా."

"వై నొక్కా. అడిగిందమ్మా, అందుకని నొక్కా."

"ప్యాకేజీలన్నీ కొత్తవి వేసుకోనా అని అడిగుంటుంది. నువ్వు వేసుకోమన్నావు. కొత్త గొంతుకీ నా ఎడిటర్‌కీ పడలేదు."

ఆరోగ్యమ్మ కింద కూలబడింది. పరీక్ష పోయినట్టే, ఉద్యోగం పోయినట్టే, మళ్ళీ ఎవరూ పిలవనట్టే లెక్క. "మీ నాన్నకి ఫోన్ చేస్తా."

"నాన్న జగ్గయ్యపేట ఫ్యాక్టరీలో సిమెంటు దుమ్ములో ఉంటాడు. ఆయనొచ్చి ఏం చేస్తాడు? నువ్వు లేచి ఇటు రా. పుల్లమ్మ పిన్నికి జాకెట్టు కుట్టేటప్పుడు ఆది జాకెట్టు ఎందుకు దగ్గర పెట్టుకుంటావు?"

"కొత్తది తేడా వస్తే పాతది చూసుకోటానికి."

"నాకూ ఆదులున్నాయి. ప్యాకేజీల్లో ఏం మార్చినా, ఆ రోజు అన్నీ ఎలా ఉన్నాయో గిట్ అనేదాంట్లో దాచి, పక్కన ఒక ముక్క రాసిపెడతా. ఏ రోజుకి కావాలంటే ఆ రోజుకి అన్నీ కలిసి వెనక్కొస్తాయి. కానీ ఏ రోజుకో తెర మీద చూసి చెప్పాలి. ఇవాళ నా గొంతు నువ్వే."

"నేనా? ఇంగ్లీషా?"

"అక్షరాలే ఇంగ్లీషువి. మాటలు మనవే."

రూబీ వేళ్ళు చకచకా కదిలాయి. తెర మీద చిట్టా పరుచుకుంది. ఒక్కో వరుసకీ ముందు అంకెలూ అక్షరాలూ కలిసిన ఏడు గుర్తుల నంబరు, తర్వాత నాలుగు మాటలు. మొదటిది ఇందాకటిది, అది దానంతటదే రాసుకుంది, వదిలెయ్యమంది రూబీ. ఆరోగ్యమ్మ రెండో వరుస మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

"'అమ్మకి పన్ను నొప్పి. క్యాన్సరనుకుంది. పుచ్చు పన్నే. గొంతు కొంచెం నత్తి.' ఇదేంటే ఇది?"

"తేదీలు నాకు గుర్తుండవమ్మా. ఆ పూట ఇంట్లో ఏం జరిగిందో గుర్తుంటుంది. నత్తిది వద్దు, కిందకి రా."

"'గరికపాడు దగ్గర లారీ బోల్తా అని టీవీలో చూసి అమ్మ నాన్నకి పదకొండు ఫోన్లు. నాన్న క్యాంటీన్లో ఇడ్లీ తింటున్నాడు. గొంతు బాగుంది.'"

"అదే! అదే కావాలి. నంబరు చెప్పు."

చెప్పింది. రూబీ కొట్టింది. తెర మీద ఏదో రెండు ముక్కల్లో కసిరినట్టు వచ్చింది. ఆరోగ్యమ్మ తెర మీంచి వేలు వెనక్కి లాక్కుంది. "అయిపోయింది. మిగిలింది కూడా నేనే చెడగొట్టా."

"ఏం అవలా. ఆరుని బి అన్నావేమో, మళ్ళీ చూడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూస్తావే, అలాగ."

ఆరోగ్యమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో గుర్తూ చదివింది. నిజమే, ఆరే. రూబీ కొట్టింది. వరుసలు గబగబా పైకి పరిగెత్తాయి. ఎడిటర్ మూతపడి మళ్ళీ తెరుచుకుంది.

మాట్లాడింది. కుట్టుమిషను మోటారు మీద పరిగెత్తినట్టు, సందు లేకుండా, గడగడా. ఆరోగ్యమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "మాతా, నీకు దణ్ణం" అని కుర్చీ కోడు పట్టుకుని ఏడ్చేసింది. రూబీ నవ్వుతూ తల్లి తల మీద తడి తువ్వాలు పడేసింది.

ఇంకా ముప్పావుగంట ఉంది. పరీక్ష మొదలయ్యాక ఆరోగ్యమ్మ మిషను తొక్కలేదు, కుక్కరు పెట్టలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని గుమ్మంలో కూర్చుంది. గొంతు ఆగినప్పుడల్లా ఉలిక్కిపడింది. కానీ ఆగిన ప్రతిసారీ అది మళ్ళీ అందుకుంది. కూర్చోగా కూర్చోగా, ఇందాకటి చిట్టాలో కిందెక్కడో కళ్ళబడ్డ మాటలు గుర్తొచ్చాయి. గ్యాసు వాసనంటూ వీధంతా లేపిన రోజు, కరెంటు మీటరు కాలుతోందన్న రోజు. అన్నిటి పక్కనా 'ఏం లేదు' అనే ఉంది.

పన్నెండున్నరకి రూబీ ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది. "అన్నీ రాశానమ్మా. బానే రాశా. వారంలో చెప్తారట."

"ఇవాళ్టిది రాసుకున్నావా?"

"రాశా. పోయి చదువుకో."

ఆరోగ్యమ్మ చేతులు వెనక్కి కట్టుకునే తెర దగ్గరికి వంగి చదివింది. 'అమ్మ వై నొక్కింది. అమ్మే చదివి వెనక్కి తెచ్చింది. గొంతు బాగుంది.'

రెండోసారి కూడా చదువుకుంది. తర్వాత కుక్కరు పెట్టడానికి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.

"ఇంటర్వ్యూకి హైదరాబాద్ రమ్మంటేనో? ఆ హైవే మీద లారీలు..."

"ఆగాగు," అంది రూబీ కుర్చీ లాక్కుంటూ, "అదీ రాసి పెట్టుకోనీ."