పిల్లి వీపున తొమ్మిది సూదులు

కింద రైలు మోత. ఆ కింద గోదావరి... చప్పుడు లేదు.

అంత నీరు, అంత మెల్లగా ఎలా పోతుందో!

జ్ఞానప్రకాశం ఆటోలో వంతెన దాటుతున్నాడు. ఒళ్ళో మూత కట్టిన వెదురుబుట్ట. బుట్టలో పిల్లి. కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా పిల్లి ఒక్కసారీ అరవలేదు. ఆ పని అతనే చేశాడు.

"చూసి పోనివ్వవయ్యా! బుట్టలో ఉన్నది మా ఇంటి ఆడమనిషి!"

గొంతు అంతే. పోస్టాఫీసులో క్లర్కుగా ఉన్న రోజుల్లో తోటివాళ్ళు అనేవారు — "జ్ఞానప్రకాశం గారు కొవ్వూరులో పైకి చదివితే చాలండి, రాజమండ్రిలో ఉత్తరం అందినట్టే."

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళితో వచ్చింది.

పెళ్ళయిన నాలుగో ఏట విషజ్వరం వచ్చి భార్య పాపాయమ్మ వినికిడిని పట్టుకుపోయింది. ఆమెకు జ్వరం తగ్గింది. అతనికి గొంతు పెరిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళు అరిచాడు.

పప్పులో ఉప్పు తగ్గిందని అరిచాడు. గ్యాస్ అయిపోయిందని అరిచాడు. ఒకసారి, ఒకే ఒక్కసారి... నీలం చీర నీకు బాగుందని అరిచాడు.

మర్నాడు కుళాయి దగ్గర పక్కింటి వెంకటదుర్గ పాపాయమ్మకు సైగలు చేసి చూపించింది — చీర, మీ ఆయన, ఆహా! బిందెలు పట్టుకున్న వాళ్ళంతా నవ్వారు. పాపాయమ్మ ఆ చీర మళ్ళీ కట్టలేదు. అతనూ అలాంటి మాట మళ్ళీ అనలేదు.

పొంగిన పాలు పొయ్యిపాలు. అరిచిన మాట వీధిపాలు.

ఆమె పోయి రెండేళ్ళు. గొంతు మాత్రం దిగలేదు. ఆ ఏటి వానల్లోనే ఈ పిల్లి గోడ దూకి వచ్చింది. "మాకు పిల్లల్లేరండి, పిల్లే!" అంటాడు కనబడిన వాళ్ళతో. నవ్వుతారు. నవ్వడం అయ్యాక ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు.

గట్టు పక్క సందులో పశువుల ఆసుపత్రి. డాక్టరు పావని రక్తపరీక్ష కాగితం చూసింది.

"మళ్ళీ ఈనితే బతకదండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసెయ్యాలి. కానీ దీని కిడ్నీలు బలహీనం, నొప్పిమందు ఎక్కువ ఇవ్వలేను. మత్తుకి ముందు సన్నసూదులు పెడతాను, ఆక్యుపంక్చర్. ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే తర్వాత నొప్పి కొంత తగ్గుతుంది."

మొదటి సూది పెట్టింది.

"నేను సూటిగా అడిగితే మీరు సూదిగా చెబుతున్నారే!"

పిల్లి ఉలిక్కిపడింది. సూది రాలింది.

"నెమ్మదిగా, బాబాయిగారూ."

"నెమ్మదిగానేనండి!"

రెండోదీ రాలింది.

పావని చేతులు దించేసింది. "మీ చెయ్యి తీస్తే ఉండట్లేదు. మీ గొంతుకేమో బెదురుతోంది. ఇలాగైతే సూదుల్లేకుండానే కొయ్యాలి. మెలకువ వచ్చాక నొప్పంతా దానిదేనండి."

నోరు మూసుకున్నాడు. పిల్లి లేవబోయింది. గొంతు వినబడాలి దానికి... చిన్నగా వినబడాలి.

వెతుక్కున్నాడు. ముప్పై మూడేళ్ళ కిందట ఎక్కడ పెట్టాడో ఆ గొంతు.

దొరికింది. బొంగురుగా, తడిగా... ఎవరిదోలా.

"ఇదిగో..."

పాపాయమ్మను పిలిచే పిలుపు. పిల్లికి వేరే పేరు పెట్టలేదు.

పిల్లి చెవి అతని వైపు తిరిగింది. వినబడింది! ఇంత చిన్న మాట!

వెంట్రుకంత సూదులు. వెన్నుకు అటూ ఇటూ. వెనక కాళ్ళకు, మోకాళ్ళ కింద. ఒక్కొక్కటే నిలిచాయి.

"ఇదిగో... ఆ చివరిరోజు ఆసుపత్రి వార్డులో నా నోటివైపే చూశావు. పన్నెండు మంచాలు. అందరూ మేలుకునే ఉన్నారు. ఎలా అరవమంటావే? కాఫీ తాగుతావా అని అరిచాను... అది కాదే నేను అనాల్సింది..."

పావని కిటికీవైపు తిరిగి దూదిని ఉండలు చేస్తూ నిలబడింది.

అనాల్సింది అన్నాడు.

పిల్లికి తప్ప ఎవరికీ వినబడలేదు.

తొమ్మిది సూదులు. ఒక్కటీ రాలలేదు. పిల్లి కళ్ళు సగం మూసుకుంది — సగం అతని మీదే ఉంచింది.

ఇరవై నిమిషాలు. సూదులు తీశారు. మత్తు ఇచ్చారు. లోపలికి తీసుకుపోతూ పావని అంది — "గంట పడుతుంది బాబాయిగారూ. ఇక మామూలుగా మాట్లాడుకోవచ్చు మీరు."

తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఏదో జోకు నాలుక మీదికి వచ్చింది. వేద్దామని చూస్తే, పెద్ద గొంతు రాలేదు. చిన్నదే వచ్చింది.

పక్కన ఎవరూ లేరు.

అయినా చెబుతూనే ఉన్నాడు... చిన్నగా, ఇంకా చిన్నగా...

సందు చివర గోదావరి. అంత నీరు. ఎవరికి చెబుతూ పోతోందో... అంత మెల్లగా.