అక్రోటు ఆకుల మీద మోకాలు

వెలికా మోకాలు కోయించుకున్నది నడవడానికి కాదు. నడక ఎలాగో సాగుతూనే ఉండేది, ఓ చేత్తో కర్ర, ఓ చేత్తో గోడ పట్టుకుని, బావి దగ్గర కాసేపు ఆగి ఊపిరి తీసుకుని. ఆమె కోయించుకున్నది మోకరిల్లడానికి. ఈ వయసులో ఇంకెవరి ముందు మోకరిల్లాలే అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వారు గాని, ఎవరి కోసమో వాళ్ళకూ తెలుసు.

బల్కన్ కొండల కింద ఆ ఊళ్ళో, పోయినవాళ్ళందరినీ ఈస్టరు నాడు పైలోకం నుంచి వదిలిపెడతారని నమ్మకం. వాళ్ళు పూల మీదా ఆకుల మీదా వాలి, తమ ఇళ్ళూ వాకిళ్ళూ చూసుకుని, ఏడు వారాలకి వచ్చే పెంతెకొస్తు ఆదివారం నాడు మళ్ళీ వెళ్ళిపోతారు. ఆ రోజు చర్చి నేలంతా అక్రోటు ఆకులు పరుస్తారు. ఫాదరు ప్రార్థన చదివినంతసేపూ ఊరు ఊరంతా మోకాళ్ళ మీద వంగి, ముఖం ఆకుల్లో దాచుకోవాలి. పోయినవాళ్ళు మన వీపుల మీదుగానే నడిచి వెళతారట. ఎవరైనా తలెత్తి చూశారో, పాపం, వాళ్ళకి కాళ్ళాడవు. ఏడుస్తూ అక్కడే నిలబడిపోతారు.

వెలికా భర్త నయ్డెన్ గడ్డికోతల రోజుల్లో పోయాడు. అప్పటినుంచి ఏటా ఆమె మోకరిల్లి అతన్ని సాగనంపింది. మోకాలు అరిగి, రొట్టె పొంగినట్టు పొంగిన ఏడు మాత్రం కుర్చీలో కూర్చుని తల వంచుకుని సరిపెట్టుకుంది. ఆ వారంలోనే కలలోకి వచ్చాడు నయ్డెన్. టోపీ చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికీ రాడు, బయటికీ పోడు. ఏమయ్యా ఇంకా వెళ్ళలేదా అని అడిగితే ఆమె మోకాలి వంక చూశాడు. అంతే, ఇంకేమీ అనలేదు. అసలు బతికున్నప్పుడూ అంతే, అన్నం బాగుందో లేదో కూడా కళ్ళతోనే చెప్పేవాడు.

ఆ కల గురించి వెలికా చెప్పుకున్నది దోబ్రాతో. దోబ్రా నయ్డెన్ తమ్ముడి పెళ్ళాం, అంటే తోడికోడలు. ఆవిడ మొగుడూ పోయాడు. ఒకే వాకిట్లో రెండిళ్ళు, ఒక బావి, ఒక మేక, ఇద్దరు ముసలమ్మలు. దోబ్రా అప్పటికే మోకాలు మార్పించుకుంది. అందరిలాగే కాలీడుస్తూ వెళ్ళి, తిరిగొచ్చి, పెంతెకొస్తుకి స్తంభం పక్కన తన చోట్లో నల్లటి వెడల్పు పావడా పరుచుకుని మోకరిల్లింది. అందరికన్నా ఆఖరున లేచింది. ఎంత భక్తో చూడండని ఊరంతా మెచ్చుకుంది.

"చిన్నపిల్లలా వంగుతోందక్కా. ఇనుము కదా, దానికి అరుగుదలా లేదు, నొప్పీ లేదు. నువ్వూ చేయించుకో, బావగారు హాయిగా వెళతారు" అంది దోబ్రా.

ఆ మాట మీద చేయించుకుంది వెలికా. చలికాలం చివర్లో నగరంలో ఆసుపత్రికి వెళ్ళింది.

కోసింది మోకాలినే గాని నొప్పి తుంటి నుంచి బొటనవేలిదాకా పాకింది. రాత్రి దుప్పటి బరువు కూడా ఓర్చుకోలేకపోయేది. ఆసుపత్రిలో వ్యాయామం నేర్పిన అమ్మాయి ఒక దుప్పటిని పాదానికి చుట్టి, మడమను మంచం మీద ఈడుస్తూ మోకాలు వంచాలని చెప్పి పంపింది. ఇంటికొచ్చాక దోబ్రా పక్కన కూర్చుని చేయించేది. చేయిస్తూ ఎత్తిపొడిచేది. నేను ఈపాటికి మేకను పితికాను, నేను ఈపాటికి తోటలో ఉల్లి నాటాను, నువ్వింకా దుప్పటి లాగుతున్నావా అనేది. వెలికా పళ్ళు బిగబట్టి, మేకను నీ ఇనుప మోకాలు పితికిందా నీ చేతులు పితికాయా అని అడిగేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నవ్వితే కుట్లు లాగేవి.

వేళకి గింజల చారు, జున్ను పెట్టి కాల్చిన రొట్టె, పిప్పరమెంటాకు టీ, అన్నీ దోబ్రాయే తెచ్చేది. ఒంగి చెప్పులు తొడిగేది. కాళ్ళు కడిగేది. తోబుట్టువు కూడా అంత చేయదు, అది నిజం.

అలా ఉండగా ఒకనాడు కుట్ల కింది చివర తడి కనిపించింది. తుడిస్తే మళ్ళీ ఊరింది. దుప్పటి మీద పసుప్పచ్చని మరక. తడి కనిపిస్తే ఆ పూటే రమ్మని ఆసుపత్రివాళ్ళు మరీమరీ చెప్పారు, వెలికాకి అది బాగానే గుర్తుంది. దోబ్రా మాత్రం, ఇప్పుడు వెళితే పట్టి పడుకోబెడతారక్కా, పెంతెకొస్తు ఆ ఆసుపత్రి మంచం మీదే గడిచిపోతుంది అంది. ఆ ఊళ్ళో పిల్లాడికి జ్వరమొచ్చినా, మెడ పట్టేసినా, మేక పొదుగు వాచినా ముందు వేసేది ఒకటే వైద్యం, ఇంట్లో కాచిన ద్రాక్షసారాలో తడిపిన గుడ్డ. అదే వేశారు. పైన క్యాబేజీ ఆకు కట్టారు. వెలికా ఒప్పుకుందనడం కూడా తప్పే, సీసా ఎక్కడుందో చెప్పింది తనే.

మూడు రోజులు మంట తగ్గినట్టే అనిపించింది. ఆ తర్వాత వణుకు మొదలైంది. మంచం కోళ్ళు నేల మీద టకటకలాడేంత వణుకు. మోకాలు ఎర్రగా మెరుస్తూ, ముట్టుకుంటే పొయ్యి మీది పెనంలా కాలింది. అంబులెన్సు వచ్చింది. మళ్ళీ కోశారు, లోపలంతా కడిగారు, కొత్తగా పెట్టిన ప్లాస్టిక్ బిళ్ళ తీసేసి ఇంకొకటి పెట్టారు. గొట్టాలు, సూదులు, వికారం పుట్టించే మందులు. నోట్లో ఎప్పుడూ తుప్పు రుచి.

అంబులెన్సులో తీసుకెళ్ళిన రోజు కట్టు విప్పుతూ డాక్టరు ముక్కు ఎగబీల్చిన సంగతి వెలికా జన్మలో మరిచిపోదు.

"ఇదేంటమ్మా, కాలు పెళ్ళింట్లో తాగి వచ్చిన వాసనేస్తోందే? ఏం రాశారు?"

ఏమీ రాయలేదని ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు. దోబ్రా పైకప్పు వంక చూసింది. డాక్టరు ఇంక అడగలేదు. రెండోసారి కోశాక వచ్చి మాత్రం మంచం అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఈ కాలు నిలబెడితే నిలబడుతుందన్నాడు. మెల్లగా నడుస్తుంది కూడా, కాకపోతే ఏడాది పట్టచ్చు.

"దీన్ని మోకరిల్లమని మాత్రం అడక్కండి. చీము పట్టనివాళ్ళకే చాలామందికి అది కుదరదు."

"మా తోడికోడలికి కుదిరింది బాబూ. ఇదుగో, ఈవిడే."

డాక్టరు దోబ్రా వైపు తిరిగి, అయితే మీరు అదృష్టవంతులన్నాడు. కిటికీ తెర సర్దుతున్న దోబ్రా, అంతా దేవుడి దయ అంది. తెర అప్పటికే సరిగ్గా ఉంది.

ఇంటికొచ్చిన వెలికా మారిపోయింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం ఒకటి పట్టుకుంది. చారులో ఉప్పు తక్కువంటుంది, తలుపు గట్టిగా వేశావంటుంది. దోబ్రా మాట తిరిగి అనకుండా పడేది. అది ఇంకా కోపం తెప్పించేది. దుప్పటి మళ్ళీ పాదానికి చుట్టింది వెలికా. కుర్చీలో కూర్చునేంత వరకూ మోకాలు వంగేది. ఆపైన తుప్పు పట్టిన గేటులా బిగుసుకునేది. ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగితే కళ్ళముందు చీకటి కమ్మేది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేని వేళ నేల మీద తలగడ వేసుకుంది. మంచం పట్టె పట్టుకుని, మంచి కాలు ముందు దించి, చెడ్డ కాలు దాని పక్కకి చేర్చబోయింది. మోకాలిచిప్ప కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. ఆ కేకకి దోబ్రా చేతిలో పాలగిన్నెతోనే వచ్చిపడింది. తిట్టలేదు. ఆమెను పైకి లాగి మంచం మీద వేసి, పక్కనే కూలబడి ఏడ్చింది.

"వదిలెయ్ అక్కా. బావగారు అర్థం చేసుకుంటారు. వదిలెయ్."

ఎంత ప్రేమో అనుకుంది వెలికా. కోపంలో అన్నవన్నీ గుర్తొచ్చి సిగ్గుపడింది కూడా.

పెంతెకొస్తు ఆదివారం వచ్చింది. పొద్దున్నే కాలు వాచి ఉంది. వాపు దిగడానికి కాసేపు పైకి పెట్టుకుందామని పాలు పితికే ముక్కాలిపీట కోసం వాకిట్లో చూసింది వెలికా. మేకపాకలో లేదు, బావి దగ్గర లేదు. పీటేదే అని అడిగితే, కోడు ఊడింది, బాగుచేయమని ఇచ్చాను అంది దోబ్రా తన ఇంట్లోంచే. ఆ తర్వాత అక్రోటు కొమ్మలు నింపిన పెద్ద గుడ్డసంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ కలిసే వెళ్ళారు, ఒకరు సంచీతో, ఒకరు చంకకర్రలతో.

చర్చి లోపలంతా పచ్చి ఆకు వగరు వాసన. ఫాదర్ హరితోన్ వెలికా కోసం కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. మోకరిల్లలేనిదాన్ని, నిలబడి అయినా సాగనంపుతానంది. వెనక గోడకి ఆనుకుని కర్రలు చంకలో బిగించుకుంది. ముందు వరసలో స్తంభం పక్కన దోబ్రా తన చోటికి చేరింది.

ప్రార్థన మొదలైంది. ఊరు ఊరంతా ఒక్కసారి కిందికి దిగింది. ఆకుల మీద బట్టల చప్పుడు, దగ్గులు, ఆపైన నిశ్శబ్దం. వెలికా గట్టిగా కళ్ళు మూసుకుంది. నేను చూడను, వెళ్ళిపో నయ్డెన్, కాలు అడిగాను ఇవ్వలేదు, ఉన్నదానితోనే పంపిస్తున్నా, వెళ్ళు అనుకుంది. ప్రార్థన మాత్రం సాగుతూనే ఉంది. మోకాలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆకు మీద ఒక కర్ర జారింది. పడిపోబోతూ ఆమె కళ్ళు తెరిచింది.

నయ్డెన్ లేడు. ఎవరూ లేరు. వరసలు వరసలుగా వీపులు, అంతే. వాటి మధ్య స్తంభం పక్కన, పొదిగిన కోడిలా పావడా పరుచుకున్న దోబ్రా. తల ఆకుల దాకా వంచే ఉంది. కాని వెనకనుంచి, పైనుంచి చూస్తే, పావడా అంచు కింద ముక్కాలిపీట కోడు ఒకటి కనిపిస్తోంది. ఇనుప మోకాలున్న కాలు పక్కకి తిన్నగా, వంగని కర్రలా చాచి ఉంది. బూటు మడమ గుడ్డలోంచి బయటికి వచ్చింది.

ప్రతి ఏడూ అందరూ ముఖాలు దాచుకునే ఉన్నారు. ఎవరు చూస్తారు గనక?

వెలికా కళ్ళు మళ్ళీ మూసుకోలేదు. మూసుకునే పని ఇంక లేదు. అదృష్టవంతులు అన్న డాక్టరు మాట, సర్దిన తెర, మధ్యాహ్నం ఏడుపు, ఒక్కొక్కటే వచ్చి దాని చోట్లో అది కూర్చుంది. ఒంట్లో కత్తి రెండుసార్లు దిగింది. ఈ పీట మీద కూర్చుని చెప్పిన మాటకి.

ప్రార్థన అయింది. జనం లేచి ఆకులు ఏరుకుని బయటికి నడిచారు. దోబ్రా లేవలేదు, ఎప్పటిలాగే ఆఖరుదాకా భక్తి. వెలికా కర్రలు టకటకలాడించుకుంటూ వెళ్ళి ఆమె వెనక నిలబడింది.

"లే దోబ్రా. అందరూ వెళ్ళిపోయారు."

దోబ్రా తల తిప్పలేదు. "కళ్ళు తెరిచావా?" అంది.

"తెరిచాను."

"ఒకసారి వంగుతుందన్నానక్కా. ఇనుప కాలు పెట్టించుకుంది, కుంటిదైపోయిందని నవ్వుతారని అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. మళ్ళీ వంగదని ఎలా చెప్పను?"

"నాకు చెప్పాల్సింది. ఒక్క నాకు."

దోబ్రా స్తంభం పట్టుకుని, తిన్నని కాలు ఈడ్చుకుంటూ పైకి లేచింది. పీటను సంచీలో అడుక్కి తోసి మీద ఆకులు కప్పింది. అందులో ఆమె చేతులు ఎంత ఆరితేరాయో చూస్తూ నిలబడింది వెలికా.

గేటు దగ్గర రాతి అరుగు మీద గింకా కూర్చుని ఉంది. కింది వీధి మనిషి, యాభై దాటినా అందరినీ పిన్నీ అనే పిలుస్తుంది. ఆమె మోకాళ్ళూ పోయాయి. ఆసుపత్రిలో పేరు ఇచ్చి వచ్చిందట. భయంగా ఉంది, వెలికా పిన్నికి ఇలా అయింది కదా, నీకెలా వంగుతోంది దోబ్రా పిన్నీ, నిజం చెప్పు అని అడిగింది.

వెలికా తోడికోడలి ముఖం వంక చూసింది. ఇప్పుడు చెబుతుంది అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది.

"అక్కకి చీము పట్టింది కాబట్టి అలా అయింది. నాది చూశావుగా లోపల, చిన్నపిల్లలా వంగుతోంది. చేయించుకో" అంది దోబ్రా.

వెలికా అరుగు మీద గింకా పక్కన కూర్చుని కర్రలు గోడకి చేర్చింది. తర్వాత చెయ్యి చాపి, దోబ్రా భుజాన ఉన్న సంచీని తనవైపు లాక్కుంది. ఆకుల అడుగున చెయ్యి పెట్టి ముక్కాలిపీట బయటికి తీసింది. దాన్ని ముందు పెట్టుకుని, వాచిన కాలు రెండు చేతులా ఎత్తి దాని మీద పెట్టింది.

"కాలు పైకి పెట్టుకోమన్నాడు డాక్టరు. పొద్దుటినుంచీ దీనికోసమే వెతుకుతున్నా" అంది.

గింకా పీటను చూసింది. దాని కోడుకి అంటుకున్న అక్రోటు ఆకును చూసింది. దోబ్రా పావడాను చూసింది. గేటు దగ్గర నిలబడ్డ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఇటు తిరిగారు. దోబ్రా సంచీ అక్కడే వదిలేసి, వంగని కాలు దాచుకోకుండా, మొదటిసారి ఊరందరి ముందూ కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

తనకి సంతోషం కలుగుతుందనుకుంది వెలికా. కలగలేదు. కాలు కొట్టుకుంటూనే ఉంది. నయ్డెన్ వెళ్ళాడో లేదో తెలియలేదు. తను కళ్ళు తెరిచింది కదా, వెళ్ళి ఉండడు.

సాయంత్రం పాకలో మేకను పితికే చప్పుడు వినిపించింది. తర్వాత వాకిట్లో ఎగుడుదిగుడు అడుగులు. చారు వచ్చింది, ఎప్పటి వేళకే. కాని దోబ్రా లోపలికి రాలేదు, బల్ల మీద పెట్టలేదు. గుమ్మం అవతల నేల మీద గిన్నె పెట్టి వెళ్ళిపోయింది.

వెలికా గుమ్మం దాకా వెళ్ళి, కర్రల మీద ఆనుకుని, కింద ఆవిరి కక్కుతున్న గిన్నెను చూస్తూ నిలబడింది. దాన్ని అందుకోవాలంటే వంగాలి.