తడి ఆరని గీత

కంగ్...

ఉలి మీద సుత్తి. రాయి మీద ఉలి.

ఆళ్లగడ్డలో తెల్లారేది ఆ చప్పుడుతోనే. కోడి కూయడం మరిచినా ఎవరికీ పట్టదు.

కంగ్... కంగ్... ఆ తర్వాత మిషన్లు మొదలవుతాయి. కోసేవి, అరగదీసేవి. వీధంతా ఒకటే రొద. నల్లరాయిని కోసినా దుమ్ము తెల్లగానే లేస్తుంది. ఆరేసిన చీరల మీద, ఆపిన బైకుల మీద, సగం చెక్కిన దేవుళ్ల కనురెప్పల మీద పడుతుంది.

ఆ దుమ్ములోనే రంగనాథానికి అరవై నాలుగేళ్లు వచ్చాయి.

మొదట అతనిది రంగుల బతుకు. నంద్యాలలో సినిమా హాళ్ల ముందు నిచ్చెన వేసుకుని ఇరవై అడుగుల ముఖాలకు గులాబీ రంగు పూసేవాడు. సినిమా మారితే పాత ముఖం మీదే కొత్త ముఖం. ఒక ఏడాది వానకు కథానాయిక బుగ్గలు కారి రోడ్డు మీదికి వచ్చాయి. జనం తొక్కుకుంటూ టిక్కెట్లకు పోయారు.

కారిపోనిది ఏదైనా చేయాలి అనుకున్నాడు.

కారిపోనిది రాయి.

ఆళ్లగడ్డ వచ్చి ఒక పెద్ద శిల్పి దగ్గర చేరాడు. ఆయన ఉలి ఇవ్వలేదు. చెవులు అడిగాడు.

"చెయ్యి తర్వాత. ముందు ఇను."

గంటలా మోగేది మగరాయి — దేవుడికి. తాళంలా మోగేది ఆడరాయి — అమ్మవారికి. మోగనిది గడపకు, మెట్లకు. లోపల పగులున్న రాయి మాత్రం మోగదు... దగ్గుతుంది.

పెద్దాయన రాయిని కొట్టి శిష్యులను అడిగేవాడు. శిష్యులు తల గోక్కునేలోపు ఇంట్లోంచి జవాబు వచ్చేది. ఆయన కూతురు చూడామణి. పిండి రుబ్బుతూనో, జడ వేసుకుంటూనో చెప్పేది. ఒక్కసారీ తప్పలేదు. అయినా ఆడపిల్ల చేతికి సుత్తి ఎవరిస్తారు? ఆ చెవుల్ని తీసుకొచ్చి రంగనాథానికిచ్చి పెళ్లి చేశారు.

తర్వాత నలభై ఏళ్లు.

నందికొట్కూరులో ఒక హనుమంతుడు. మహానంది దారిలో ఇద్దరు ద్వారపాలకులు. రాయి నేర్చుకున్నాక గుడి నేర్చుకున్నాడు. సిమెంటు నేల మీద సుద్దతో గోపురాన్ని ఉన్నంత కొలతకూ గీసేవాడు. ఆ గీతల మీద తానే నడిచేవాడు. నడక కుదిరితే గోపురం కుదిరినట్టు. ఒకసారి మసీదు మినార్లు కూడా అలాగే నడిచి గీశాడు.

గుళ్లలో శిలాఫలకాలుంటాయి. స్థలమిచ్చినవారి పేరు, గంట ఇచ్చినవారి పేరు, ఫ్యాను ఇచ్చినవారి పేరు. చెక్కినవాడి పేరుకు చోటు చాలదు. రంగనాథానికి ఆ బాధ లేదు. అతనికున్న గొప్ప ఒక్కటే. అడిగినా అడగకున్నా చెప్పేవాడు.

"నేను కొట్టి తీసుకున్న రాయి ఇంతవరకూ ఒగటీ పగల్యా."

చెవులు ఒక్కరోజులో పోలేదు.

ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఫోను. తర్వాత కుక్కరు కూత. మిషన్లు ఇరవై ఏళ్లుగా తింటూ తింటూ... రెండేళ్ల కిందట ఆ కంగ్ కూడా తినేశాయి.

ఎవరికీ చెప్పలేదు. నంద్యాల వెళ్లి చెవిలో పెట్టుకునే మిషను కొన్నాడు. పెట్టుకుంటే వీధిలోని రొద మొత్తం తలలోకి వచ్చింది. రాయి మాత్రం రాలేదు. దాన్ని పాత రంగుల డబ్బాలో దాచి మూత బిగించాడు.

పిలిస్తే పలకకపోతే, పెద్ద శిల్పి కదా, ధ్యానంలో ఉన్నాడనుకున్నారు. ఇంట్లో ఆ మాత్రం అనుమానం కూడా రాలేదు. పెళ్లాం మాట వినిపించుకోని మొగుణ్ణి చెవిటివాడని ఎవరనుకుంటారు?

అప్పుడు పాములపాడు పని వచ్చింది. కొత్త గుడి. గుడి గీసిందీ అతనే, లోపలి లక్ష్మీనరసింహస్వామిని చెక్కాల్సిందీ అతనే. ఇల్లూ తనదే, ఇంట్లో ఉండే దేవుడూ తనవాడే కావడం అతనికి అదే మొదలు. బహుశా అదే చివర.

నంద్యాల రోడ్డులో సైదా సాహెబ్‌కు రాళ్ల దొడ్డి ఉంది. క్వారీల నుంచి రాళ్లు తెచ్చి శిల్పులకు అమ్ముతాడు. రంగనాథం అక్కడికి పోయి ఒక నల్లరాయిని కొట్టాడు. అరచేయి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. తల ఊపాడు.

రాయి దగ్గింది. సన్నగా, ఒక మూల.

సైదా సాహెబ్ విన్నాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. అంతటి మనిషి తల ఊపినాక తానేం చెప్పేది?

మర్యాద ఎంత పనైనా చేస్తుంది.

ఎనిమిది నెలలు. స్వామికి జూలు వచ్చింది. ఒళ్లో అమ్మవారు వచ్చింది. మాఘంలో ప్రతిష్ఠ. ఇంకా నెల ఉంది.

ఒకనాడు పదకొండింటికి కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారే ఆగాయి. చూడామణి పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. షెడ్డులో రంగనాథం ఉలి ఒక్కటే మిగిలింది.

కంగ్... కంగ్... ఖళ్.

తెడ్డు ఆగింది.

కంగ్... ఖళ్... ఖళ్.

ఆమెకు ఏడేళ్లప్పుడే తెలిసిన చప్పుడు అది. ఆ రోజు సంగటి ఉండలు కట్టింది.

షెడ్డులోకి పోయింది. అతని చెవి దగ్గర వంగి మెల్లగా చెప్పింది.

"రాయి పలకల్యా."

"ఏందీ?"

"రాయి... దగ్గుతాంది."

"గట్టిగా చెప్పు మే."

నలుగురు పనివాళ్లు తలలెత్తారు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ కళ్లు ఆమె కళ్లను కాదు, పెదవులను చూస్తున్నాయి. రెండేళ్ల లెక్క ఆమెకు ఒక్క క్షణంలో తేలింది. పిచ్చుకలు, ఫోను, కుక్కరు...

చెవిటివాడికి రహస్యం చెప్పడం ఎలా? అరవాలి. అరిస్తే అది రహస్యం కాదు. సాయంత్రానికి ఆళ్లగడ్డంతా, మర్నాటికి పాములపాడంతా తెలుస్తుంది. రంగనాథానికి రాయి వినపడదని.

"సంగటి చల్లారతాంది," అని గట్టిగా చెప్పి వచ్చేసింది.

మూడు రోజులు ఆమె షెడ్డు వైపు రాలేదు. ఆమెకు భయమేసింది. చెప్తే ఇతను పగులుతాడు. చెప్పకపోతే స్వామి పగులుతాడు, గుళ్లో, పూజల మధ్య. ఎటు చూసినా పగులే.

నాలుగోనాడు పనివాళ్లు అన్నాలకు పోయారు. కరెంటు లేదు. ఎండ నిటారుగా ఉంది. చూడామణి బిందెడు నీళ్లు తెచ్చింది. స్వామి తల మీద నుంచి పోసింది. రంగనాథం వింతగా చూశాడు. ఆమె చేత్తో ఆగమని చెప్పి పక్కన నిలబడింది.

రాయి ఆరసాగింది.

జూలు ఆరింది. ముఖం ఆరింది. అమ్మవారి చీర మడతలు ఆరాయి. అంతా ఆరి బూడిద రంగుకు తిరిగింది.

ఒక్క గీత ఆరలేదు.

వెంట్రుకంత గీత. నల్లగా, తడిగా. స్వామి ఎడమ భుజం నుంచి దిగి, అమ్మవారి వీపు వెనకగా ఒళ్లోకి...

పగుల్లోకి పోయిన నీరు చివరన ఆరుతుంది. ఆ సంగతి ఆమె తండ్రే ఇద్దరికీ నేర్పాడు.

రంగనాథం ఆ గీతను చూశాడు. అది కూడా ఆరిపోయేదాకా చూశాడు. ఆరాక అక్కడ ఏమీ లేదు. ఎవరికీ ఏమీ కనపడదు. రాతిపొడిలో జిగురు కలిపి పూస్తే ఇంకా కనపడదు. పదేళ్లు అభిషేకాలు లోపలికి దిగాలి, అది బయటపడటానికి. పదేళ్లకు అతను ఉంటాడో లేదో.

అతని చూపు జిగురు డబ్బా మీదికి పోయింది. ఆమె ఆ చూపును చూసింది.

డబ్బా అక్కడే ఉంది.

చాలాసేపటికి రంగనాథం ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు. ఆమెకు తప్ప గోడకు కూడా వినపడకూడదని.

"నాకు ఇనపడదు మే. రెండేండ్లయింది."

కానీ తగ్గించడం, హెచ్చించడం అతనికి ఎప్పుడో ఒకటైపోయాయి. మిషన్లు ఆగిన వీధిలో ఆ మాట ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. ఎదురు షెడ్డులో ఉలి ఆగింది. దాని పక్కనా ఆగింది.

అది అతనికి తెలియలేదు. ఆమె చెప్పలేదు. చెంగుతో అతని ముఖం మీది దుమ్ము తుడిచింది.

సాయంత్రం పాములపాడుకు ఫోను చేయించాడు. గుడి కమిటీ పెద్ద విష్ణువర్ధన్‌కు. ఫోను చేతికి తీసుకుని, అవతలి మాట కోసం ఆగకుండా చెప్పాడు.

"సామి రాయిలో పగులుండాది. తప్పు నాదే. ఇంగొగటి చేస్తా. మాఘానికి కాదు."

ఫోను ఆమెకిచ్చాడు. అవతలివాళ్లు చాలాసేపు మాట్లాడారు. ఆమె వింటూనే ఉంది.

"ఏమన్యాడు?"

చూస్తామన్నారని చేత్తో చెప్పింది. వాళ్లన్న మిగతా మాటలు ఆమె దగ్గరే ఉన్నాయి.

స్వామిని గోడవైపు తిప్పి గోనెపట్టా కప్పారు.

తెల్లారి ఇద్దరూ నంద్యాల రోడ్డుకు పోయారు. వీధి మొత్తం వాళ్లను చూసింది. రాళ్ల దొడ్డిలో సైదా సాహెబ్ లేచి నిలబడ్డాడు.

"ఆ పొద్దే చెప్పాల్సింది అన్నా. నోరు రాల్యా."

రంగనాథానికి ఆ పెదవులు అర్థమయ్యాయి. భుజం తట్టాడు. సంచిలోంచి మామ సుత్తి తీశాడు. తీసి చూడామణి చేతికిచ్చాడు.

అరవై ఏళ్లకు మొదటిసారి. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని బరువు చూసుకుంది.

మొదటి రాయి. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. దాటారు.

రెండో రాయి. కనుబొమ్మ ముడిపడింది. దాటారు.

మూడో రాయి దగ్గర ఆమె సుత్తి ఎత్తింది. రోడ్డు మీద లారీ పోతోంది. పోయేదాకా అలాగే ఆగింది.

రంగనాథం రాయిని చూడటం లేదు.

రాయి మీద సుత్తి. ఆమె ముఖం మీద అతని కళ్లు...